ఎగరని రాణి

కాశీనగరంలో, స్టేషను రోడ్డు మలుపులో
నా జిరాక్సు కొట్టు.
భూమి పట్టాలు, కుల ధ్రువపత్రాలు,
ఆధార్ కార్డు రెండువైపులా.
నల్లగా అలుక్కుపోయి పాడైన కాగితాల వెనక
రాణిని గీస్తాను.

కథ మా పెద్దత్త చెప్పిందే.
ఆడవాళ్ళే ఏలుకునే రాజ్యం.
నుదుట బంగారు పట్టీతో యాగపు గుర్రం వచ్చింది.
"చేతనైతే కట్టండి" అని రాసుంది పట్టీ మీద.
రాణి చదివింది. కట్టేసింది.
అక్కడిదాకా నాకు ఒళ్ళు జల్లుమనేది.
తర్వాత విల్లుకాడొస్తాడు, ఓడిపోబోతాడు,
ఆకాశవాణి అడ్డుపడుతుంది, పెళ్ళవుతుంది,
రాణి పల్లకీ ఎక్కి హస్తినకి వెళ్ళిపోతుంది.
"మరి రాజ్యం ఏమైందత్తా?"
"పడుకో" అనేది అత్త.

ముప్ఫై ఏళ్ళు పడుకోలేదు నేను.

నా రాణి పల్లకీ ఎక్కదు.
మొదటి సంచిక పదహారు పేజీలు, పిన్ను కొట్టి పది రూపాయలు.
ముందు కిరీటం పెట్టాను, పెళ్ళికూతురిలా ఉంది, తీసేశాను.
వీపున ఎగిరే గుడ్డ తగిలించాను,
వంశధార గాలికి అది మొహం మీదకే వచ్చి పడింది.
మూడుసార్లు చెరిపాక
రైలు గేటు దగ్గర జమంతిని చూశాను.

చీర మీద నారింజ కోటు, మెడలో విజిలు,
ఒక చంకలో ఎర్రజెండా, ఒక చంకలో పచ్చజెండా.
గుణుపూరు పాసింజరు వేళ.
గేటు ముందు తెల్ల జీపు,
దాని నుదుట ఎర్ర బోర్డు, బంగారు అక్షరాల్లో ఏదో పదవి.
లోపలాయన హారను మీంచి చెయ్యి తియ్యడు.
డ్రైవరు దిగి ఒడియాలో అరిచాడు, ఆనక తెలుగులో,
ఆనక పైవాళ్ళ పేర్లు చెప్పి.
జమంతి చెక్కపెట్టె మీద కూర్చుని ఉసిరికాయ చప్పరిస్తోంది.
"బండొస్తాది" అంది. అంతే.

బండి రాలేదు. పదకొండు నిమిషాలు.
గుర్రం అక్కడే నిలబడింది
వెనకనుంచి పొగ కక్కుతూ.

ఆ రాత్రే మొత్తం గీసేశాను.
పచ్చది ఊపితే కొండవాగు దారి మార్చుకుంటుంది.
ఎర్రది విప్పితే
రాళ్ళ లారీ, తాగొచ్చిన మొగుడు, పొలాలు కొలిచే గొలుసు,
ఎక్కడివక్కడ గడి గీతల్లో ఇరుక్కుంటాయి.
సేన కూడా ఉంది:
పింఛను కాగితాలకి నా కొట్టుకొచ్చే ముసలమ్మలు.
అరిగిన వేలిముద్రల్ని ఏ మిషనూ గుర్తుపట్టదు,
అందుకే శత్రువుకి దొరకరు.

"ఎగరదా?" అడిగాడు బుబున, నాలుగో తరగతి.
"ఎగరదు."
"మరేం రాణి?"
"ఆపుతుంది."
పెదవి విరిచాడు. రూపాయి తక్కువిచ్చి పట్టుకుపోయాడు.

చిక్కల్లా మాటల బుడగల దగ్గర.
రాణి ఏ భాషలో మాట్లాడాలి?
బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, జమంతి కోపంలో సవర.
ఒడియా గుండ్రం, తెలుగు గుండ్రం,
రెండూ బుడగలో ఒదుగుతాయి.
సవర మాటే నాకు రాదు.
కోపం వచ్చిన గడుల్లో బుడగ ఖాళీగా వదిలేశాను.

జమంతికి ఒక కాపీ ఇచ్చాను, ఊరికే.
గేటు గది మెట్టు మీద కూర్చుని పేజీలు తిప్పింది.
నవ్వలేదు.
ఖాళీ బుడగ మీద వేలు పెట్టి ఏదో అంది,
రెండే మాటలు. నాకు అర్థం కాలేదు.
మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు.
తర్వాత రాణి పాదాలు చూసింది.
"ఏటమ్మా, కంకర మీద వట్టి కాళ్ళతో నిలబెట్టీసినావు?
రాణికి చెప్పులైనా కొన్నేవా?"

రెండో సంచికలో చెప్పులు గీశాను,
హవాయివి, ఎడమదానికి పిన్నీసు.
మిషన్లో పొడి అయిపోవచ్చింది,
పర్లాకిమిడి వెళ్ళి తెచ్చుకోవాలి.
గుర్రానికి పర్వాలేదు, అది తెల్లదే.
ఉన్న నలుపంతా
ఎర్రజెండాకే పట్టేస్తోంది.