రిజర్వు గడి

మా ఆఫీసు రిజిస్టర్లో
చివరి గడి పేరు రిజర్వు.
అందులో రాసిన పేర్లని
బందోబస్తుకో, ఓట్ల పెట్టెల కాపలాకో,
తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రో తప్ప
ఎవరూ చదవరు.
పడవ అడుగున చుట్ట చుట్టి పడేసిన తాడులాగ
ఉప్పు తాగుతూ ఉంటాయవి.

ఆ ఏప్రిల్లో ఒక్క పూట
నలభై రెండు పేర్లు టైపు కొట్టాను.
ముప్పై ఏడోది గరికిన ఎర్రయ్య,
జాలరిపేట, హోంగార్డు.
డ్యూటీ: కేజీహెచ్, క్యాజువాలిటీ గేటు.
ఫోన్లో ఒకటే అడిగాడు:
"ఏటి సెయ్యాలి బావూ అక్కడ?"
ఉత్తర్వులో 'జనాన్ని అదుపు చేయుట' అని ఉంది.
అదే చదివాను.

గేటు దగ్గర అదుపు చేయడానికి జనం లేరు.
వరస ఉంది.
ఆటోలు, అంబులెన్సులు,
అనకాపల్లి నుంచి ఒక బెల్లం వ్యాను,
డౌను దిగి బీచి వైపు తిరిగిన వరస,
ఒక్కోదాంట్లో ఒక్కో ఎగఊపిరి.
మంచం ఖాళీ అయ్యేదాకా
ఆటోలోనే సెలైను పెట్టేస్తామంది సిస్టరు.
సీసా ఎక్కడ తగిలించాలో
ఎవరికీ తోచలేదు.

ఎర్రయ్య లాఠీ తిరగేశాడు.
కొనకి ప్లాస్టరుతో సీసా కట్టి
తెరచాప కొయ్య పట్టుకున్నట్టు
పట్టుకుని నిలబడ్డాడు.
ఒక గంట. తర్వాత పక్క ఆటో.
తర్వాత బెల్లం వ్యాను.

స్టీలు ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకరు వచ్చిన తెల్లారుజామున
పైపు జాయింటుకి మంచు కమ్మేస్తే
నేవీ కుర్రాళ్ళు బిగిస్తున్నంతసేపూ
టార్చి పట్టింది ఇతనేనని
ఎవరో చెప్పారు. అతను చెప్పలేదు.

అతను చెప్పింది వేరే.
"ఓ ముసల్ది బావూ,
నా యూనిఫారం సూసి దడిసిపోనాది.
మా వోణ్ణి ఒట్టుకెళ్ళిపోకు బావూ అంది.
లేదమ్మా, సీసా ఒట్టుకున్నాను అన్నాను.
నమ్మనేదు."
అక్కడితో ఆపేశాడు.
ఆ వోడు ఏమయ్యాడో
నేను అడగలేదు.

జూలైలో వచ్చి లాఠీ స్టోరుకి అప్పజెప్పాడు.
పంతొమ్మిది రోజుల భత్యం రావాలన్నాడు.
బిల్లు విశాఖ దాటిందన్నాను.
నిజమే, దాటి ఎక్కడుందో తెలీదు.
వల చిరిగిందనీ, వేటకెళ్ళాలనీ
వెళ్ళిపోయాడు.

లాఠీ కొనన తెల్ల ప్లాస్టరు ఇంకా ఉంది.
గీకినా ఊడదు.
'వస్తువు పరిస్థితి' అన్న గడి
బాగుంది, పాడైంది,
రెండే మాటలు ఒప్పుకుంటుంది.
కలం పట్టుకుని కూర్చున్నాను.
కింద నుంచి స్టోర్ కీపరు అరుస్తున్నాడు,
తాళం వేసే వేళయింది,
ఏదో ఒకటి రాసెయ్యండి సారూ అని.