గోళీతో కట్ట మీద

ఎక్కేది లేదు, దిగేది లేదు.
బుచ్చి బస్టాండు కాడ ఆటో ఎక్కితే
కనిగిరి చెరువు కట్ట మొదట్లో దించుతాడు.
అక్కణ్ణించి మట్టిబాట, రెండో తూము దాకా.
మోకాలిచిప్ప మార్చినాక
డాక్టరు రాసిచ్చిన ఆఖరి మందు:
చదునైన నేల, రోజుకు అరగంట.

అరగంట నా లెక్క. గోళీకి గంటన్నర.
రెండు కళ్ళలోనూ పాలు విరిగినట్టు తెల్లన.
పేరు అందుకు పెట్టింది కాదు,
పిల్లప్పుడు ఎక్కడ వదిలితే అక్కణ్ణించి దొర్లిపోయేది.
ఇప్పుడు అడుగడుగూ నేలని అడిగి వేస్తుంది.

మొదట్లో తాడు నేనే లాగాను.
ఇప్పుడది మా ఇద్దరి మధ్య వదులుగా ఊగుతుంది,
ఎవరి మాటా కాదనలేని పెద్దమనిషిలా.

నాకు తుమ్మచెట్టు కనబడిన చోట
దానికి రాత్రి వచ్చి నిలబడిపోయిన నక్క.
నాకు ఉత్త బాట.
దానికి బర్రెలు, బర్రెల వెనక పిల్లోడు,
పిల్లోడి జేబులో సగం కొరికిన బెల్లంముక్క.

తూము రాయికి ముక్కు ఆనించి ఆగిపోతుంది.
నేనూ ఆగుతాను. మోకాలు థాంక్స్ చెబుతుంది.
చక్రానికి గ్రీజు పూస్తూ లస్కరు మస్తాన్
"ఏందమ్మా, మీ కుక్క చెరువు లెక్క రాస్తా ఉండాదా?"
అంటాడు. మళ్ళీ తనే,
"సంగం కాడ నీళ్ళు వదిలినారు,
తెల్లారేసరికి అరడుగు పెరగద్ది."
గోళీ అప్పటికే లేచి
నీళ్ళొచ్చే దిక్కుకి తిరిగి ఉంది.

ఒకప్పుడు దీని అలికిడికే
నీటికోళ్ళు గోలగోలగా లేచిపోయేవి.
మొన్న నత్తగుల్ల కొంగ ఒకటి
నాలుగడుగుల దూరంలో గుల్ల చీల్చుకుంటూ
తలెత్తనైనా ఎత్తలేదు.
గోళీ తరఫున నాకు చిన్నతనమేసింది.
దానికేం కాలేదు.
తోక ఒక్కసారి ఊపింది, ఎవరికో.

నిన్న నేనూ కళ్ళు మూసుకున్నాను.
తడిసిన నాచు. ఎండిన చేపపొలుసు.
మస్తాన్ గ్రీజు. ఎక్కడో కాలుతున్న గడ్డి.
పది అడుగులు నడిచాను, భయమేమీ లేదు.
పదకొండో అడుగు పేడలో పడింది.
గోళీ వెనక్కొచ్చి నా చెప్పు వాసన చూసింది,
చాలాసేపు, ఇష్టంగా,
ఇన్నాళ్ళకు చదవదగ్గది ఒకటి దొరికినట్టు.

మీరొస్తే మంచినీళ్ళు తెచ్చుకోండి, కట్ట మీద అంగడి లేదు.
మీ కుక్కని తెచ్చినా సరే, ఇది ఎవరినీ కరవదు.
రెండో తూము అవతల కూడా బాట బాగానే ఉందట.
మేం చూడలేదు.
మాకు అక్కడ వెనక్కి తిరగడం అలవాటు.