పసిపాప మోడ్

కోట్కా రేవు పక్క పాతసరుకుల సంతలో
సెప్టెంబరు చివరి ఆదివారం
తొమ్మిది యూరోలిచ్చి కొన్నాను,
అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమెరా.
పెట్టె లేదు, వాడే పద్ధతి చెప్పే పుస్తకం లేదు.
తెరవగానే అడిగింది: ఇవాళ తేదీ ఎంత?
చెప్పాను.
అంతకుముందు ఎక్కడ ఆగిపోయి ఉందో నేను అడగలేదు.

లోపల ఇరవై నాలుగు బొమ్మలు.
కొవ్వొత్తి, తారాజువ్వ, చేప, ఫోర్కు, కొండ.
లోకాన్ని ఇన్ని ముక్కలుగా ఎవరు కోశారో గానీ
ముప్పయ్యేళ్లు పడవ టికెట్లు చింపిన వేళ్లకి
ఒక్కొక్కటీ తిప్పడం బాగుంది.

మామూలు మోడ్‌లో మంచు
బూడిద కురిసినట్టు పడింది.
అంత తెలుపు ఎక్కడైనా ఉంటుందా అని దానికి అనుమానం,
కాస్త మసి కలిపి ఇస్తుంది.
మంచు బొమ్మ పెట్టి బతిమాలితే గానీ నమ్మలేదు.
నేనూ అంతే,
ఎవరైనా మరీ మంచిగా మాట్లాడితే.

కొవ్వొత్తి మోడ్‌లో అన్న ఊర్హో సమాధి.
ఊపిరి బిగబట్టాలి,
లేకపోతే ఒక్క మంటా మూడై వణుకుతుంది.
నాలుగుసార్లు తీశాను. నాలుగూ మూడే.

చేప మోడ్ అద్దం వెనక ఉన్నవాటికట.
వాషింగ్ మెషిన్ ముందు స్టూలేసుకు కూర్చుని
నా నీలం స్వెట్టర్ ఈదుతుంటే తీశాను.
పైవాటా కౌకో చూసి
"టెల్లెర్వో, నీకు పిచ్చి ముదిరింది" అన్నాడు.

జనవరిలో దొరికింది పద్దెనిమిదో బొమ్మ,
గుండ్రటి ముఖం, నెత్తిన ఒకే ఒక్క వెంట్రుక.
ఎదురుగా ఎవరూ లేరు, కెటిల్‌ని తీశాను.
కెటిల్ కింద పసుపుపచ్చ అక్షరాలు:
పిహ్లా. 14 ఏళ్ల 8 నెలలు.

ఎవరో తండ్రి, ఆసుపత్రి వరండాలో,
నిద్రలేని బొటనవేలితో
ఒక్కో అక్షరం నొక్కి ఎక్కించి ఉంటాడు.
తర్వాత ఫోను కొనుక్కుని ఉంటాడు.
సొరుగులో గడియారం ఆగి, పిల్ల ఎక్కడిదక్కడే ఉండిపోతే
సంతలో నేను తేదీ చెప్పిన ఆ ఒక్క క్షణంలో
అన్నేళ్లూ పెరిగిపోయింది.
పాలపళ్లు ఊడటం, సైకిలు, స్కూలు,
ఏదీ ఎవరూ చూడకుండానే.

"చెరిపెయ్, మూడో పేజీలో ఉంటుంది" అన్నాడు కౌకో.
వెళ్లాను మూడో పేజీకి.
అవునా, కాదా అని అడిగింది.
బ్యాటరీ అయిపోయిందని అబద్ధమాడాను, కౌకోతో.

ఆ మోడ్‌లో చర్మం నునుపవుతుంది.
కౌకో గడ్డం, మెట్లమీది పెచ్చులు,
ఏప్రిల్లో పగిలిన సముద్రం,
అన్నిటి కిందా అదే పేరు.
పిహ్లా అనే మంచుగడ్డ. పిహ్లా అనే కాకి.

మే నెలలో ఓ పొద్దున యాలకుల బన్ను కింద
15 ఏళ్ల 0 నెలలు అని వచ్చింది.
తిండికి ఫోర్కు బొమ్మ ఉందని తెలుసు,
తిప్పలేదు.
రెండు తిన్నాను, రెండోది కొంచెం మాడింది.

మర్నాడు బస్‌స్టాప్‌లో
ఎవరో అమ్మాయి గమ్ బుడగ ఊదుతోంది,
పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది.
కెమెరా జేబులోనే ఉంది.
చెయ్యి కూడా జేబులోనే ఉంచుకున్నాను.