పన్నెండో పట్టీ

పోర్తోలో ఏటవాలు వీధి.
వాన తప్పించుకోవడానికే అత్తరు కొట్లోకి దూరింది
పియానోలు శ్రుతి చేసే ఫిలొమెనా.

మల్లె: ఎవరిదో పెళ్లి.
వెనిలా వద్దు, పక్కింటి పిల్లాడి చొక్కా.
గులాబీ మరీ మాటకారి.
కొట్టాయన వాల్దెమార్
కాఫీగింజల గిన్నె ముందుకు జరిపాడు,
ముక్కు కడుక్కోమన్నట్టు.

పన్నెండో కాగితపు పట్టీ దగ్గర ఆగిపోయింది.
దేవదారు, పాత ఉన్ని, కాస్త ఇనుము.
ముప్పై ఏళ్లుగా తను తల దూర్చిన
పియానోల కడుపు వాసన.
"దీన్ని డబ్బిచ్చి కొనాలా!" అని నవ్వింది.
కొంది, చిన్న సీసా.

మర్నాడు తలుపు తట్టకముందే
చూపులేని దోనా ఇల్దా లోపల్నుంచి:
"ఇవాళ నీ అడుగుల కన్నా
నువ్వే ముందొచ్చావే!
రా, ఆ నల్లమెట్టు మళ్లీ మూలుగుతోంది."