ఏటి

పైడిభీమవరం. ఆదివారం సాయంత్రం.
రేకుల షెడ్డు వెనక గదిలో పన్నెండు మంది, నాలుగు చాపలు.
గ్యాస్ ఏజెన్సీ వాళ్ల పాత కేలండర్
తిరగేసి మేకుకి కట్టారు. అదే నా బోర్డు.

గుమ్మంలో సోనారాం ముర్ము చేతులు జోడించి
"జోహార్" అంటాడు.
వాళ్ల దేశంలో అది దండం.
మా ఊళ్లో ఆ మాట
ఫొటోకి దండేశాక, పిడికిలెత్తి
పోయినవాళ్లకి చెబుతాం.
మొదటివారం ఉలిక్కిపడ్డాను.
అతనికి చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

కాలేజీ వాళ్లిచ్చిన పుస్తకంలో
మొదటి పాఠం అమ్మ, ఆవు.
వీళ్లకి ఆవుతో పనిలేదు.
"ఓవర్‌టైం డబ్బులు రాలేదు" కావాలి.
"నేను ముట్టుకోలేదు, ముందే పగిలింది" కావాలి.
"కళ్లు మండుతున్నాయి" కావాలి.
ళ దగ్గర అందరి నాలుకలూ జారిపోతాయి.
"కల్లు మండుతున్నాయి" అంటాడు మంగ్రూ.
కల్లంటే ఏమిటో నా అరకొర హిందీలో చెప్పాక
పాఠం ఇంక సాగలేదు ఆ రోజు, ఒకటే నవ్వు.

నాలుగోవారం ముర్ము మొహం ముడుచుకుని వచ్చాడు.
కిరాణా కొట్లో నేను నేర్పినట్టే అడిగాడట,
"ఇది ఏమిటండీ? దీని వెల ఎంత?"
కొట్టు సూరప్పడు పడీ పడీ నవ్వి
"ఏటిరా, టీవీలో వార్తలు సదువుతున్నావేటి?" అన్నాడట.
"తప్పు చెప్పానా మేడమ్?"

విశాఖలో ఇంటర్ చేరిన మొదటి రాత్రి
హాస్టల్లో నేనూ "ఏటి" అన్నాను.
ఏడాదంతా నా పేరు అదే.
ఏటి వచ్చింది, ఏటి తింటోంది,
ఏటికి ఫోనొచ్చింది.
రోజూ అద్దం ముందు మా అమ్మ మాటని
పేస్టు నురగతో పాటు ఉమ్మేశాను.
అలా తోమి తోమి తెల్లగా చేసుకున్న తెలుగుని
ఇక్కడికి తెచ్చి పంచుతున్నాను,
ఏ ఊళ్లో చెల్లుతుందని?

కేలండర్ మీద "ఏమిటి" ఉంది.
మధ్యలో మి ఒక్కటే కొట్టేశాను.

"ఏటి?" అన్నారు పన్నెండు మందీ.
రేకుల మీద చినుకులు పడ్డట్టు
"ఏటి, ఏటి, ఏటి."
తర్వాత "ఒగ్గీ." తర్వాత "బేగి."
నేర్పుతున్నానో, అడిగి తీసుకుంటున్నానో.

గెడ్డ వైపు నుంచి మందుల ఘాటు.
సైరన్ మోగింది.
బూట్ల తాడు బిగించుకుని ముర్ము లేచాడు.
రాత్రి షిఫ్టు, రియాక్టర్ బ్లాకు.
గుమ్మంలో ఆగి "జోహార్" అన్నాడు.

"జోహార్" అన్నాను.
బతికున్న మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు.
వెంటనే, ఎందుకైనా మంచిదని,
"బేగి వచ్చీండి" అని కూడా.