నలభై ఒకటి

ఆఖరి బండి డిపోకు పోయినంక
పట్టాలల్ల కరెంటు తీసేస్తరు.
తీసేసిన్రని కాయితం వస్తది.
వచ్చినా సరే, లింబాద్రి
కర్ర కొసకున్న దీపాన్ని మూడో పట్టాకు ఆనిచ్చి చూస్తడు.
వెలగకపోతెనే దిగుతం.
"కాయితానికి షాకు కొట్టది, మనకు కొడ్తది" అంటడు.

నా పని పాన తిప్పుడు గాదు. లెక్క.
పానలు పన్నెండు, సుత్తెలు నాలుగు, గడ్డపారలు ఆరు,
టార్చిలైట్లు తొమ్మిది, గేజీలు రెండు, జాకీలు నాలుగు,
నీళ్ల క్యాన్లు గూడ సామానే, అవి నాలుగు.
ముంజేతి మీద పెన్నుతోని రాస్కుంట: 41.
చెమటకు పోతదని రెండు చోట్ల.

మా అక్క బీడీలు కట్టంగ నేర్చిన లెక్క ఇది.
కట్టకు ఇరవై అయిదు.
ఆమె ఎంచది. గుప్పిట్ల పట్టి, బరువు జూసి
"ఒకటి తక్కువున్నది" అంటది.
ఉంటది.

శుక్రవారం బండ్లు లేటుగ లేస్తయి,
అందుకే పెద్ద పనులన్ని ఆ రాత్రికే పెడ్తరు.
సముద్రం పక్కపొంటి పోయే సొరంగం.
గోడలకు ఉప్పు పూసి ఉంటది, ముట్టుకుంటె రాలుతది.
బోల్టులు పైకి మంచిగనే కనవడ్తయి,
లోపల తుప్పు తిని ఉంటది.
ఆ రాత్రి అరవై మార్చినం.

ఎక్కేటప్పుడు లెక్కవెడ్తె నలభై.
మల్ల పెట్టిన. నలభై.
గుల్ నవాబ్ జేబులు బోర్లిచ్చిండు.
ధన్ బహదూర్ బూట్లు ఇడిసి దులిపిండు.
ఇరవై నాలుగు నంబరు పాన లేదు.

సజీవన్ సారు ఫోను మోగుతనే ఉన్నది.
"వ్యాన్లనే ఉండిపోయి ఉంటది. సంతకం పెట్టు."
జానెడు పాన.
కాని జానెడే చాలు
మూడో పట్టాకు, మామూలు పట్టాకు నడుమ వాలితె.
పోయిన ఎండకాలం ఒక మూత బిగియ్యక
సొరంగం నిండ పొగ.
గుడ్డలు ముక్కుకు పట్టుకొని జనం చీకట్ల నడిసొచ్చిన్రు,
ఒకామె చంకల పిల్ల, చేతిల ఒక్కటే చెప్పు.
మైకుల "సాంకేతిక కారణం" అన్నరు.
ఆ కారణాన్ని నేను చేతితోని పట్టుకున్న,
ఇంకా వేడిగుండె.

సంతకం పెట్టలే.
సారు నన్ను చూసిండు, గడియారం చూసిండు,
ఏమనుకున్నడో, తనే టార్చి పట్టుకొని వంగిండు.

పొద్దెక్కినంక లింబాద్రికి దొరికింది,
మోరీ జాలి కింద, బురదల,
పాన చల్లగ పండుకొని ఉన్నది.
అప్పటికి పైన షట్టర్లు తెరవక రెండు గంటలు.

బస్టాపుల ఒకామె ఫోన్ల అంటున్నది, గోదారి మాట:
"మేడమ్ ఇచ్చిందే నాలుగ్గంటలు.
రెండు ఆ షట్టరు ముందే అయిపోయినియ్యే.
ప్రార్థన అయిపోయుంటది, ఇంకేటి వస్తాను.
ఎవడు పని సరిగ్గా చెయ్యలేదో ఏమో."
పెట్టేసి నా నారింజ కోటు చూసింది.
"ఏమైందండీ లోపల?"

"పాన పోయింది."
"దొరికిందా?"
"దొరికింది."

మంగతాయారట ఆమె పేరు. కొంచెంసేపు ఊకున్నది.
"మా ఇంట్లోనూ రోజూ రాత్రి చెంచాలు లెక్కెడతారు.
ఒకటి తగ్గితే నా పెట్టి తెరుస్తారు."
ఇంకేదో అడుగుతదనుకున్న.
"మీరు ఎవరి పెట్టి తెరిచారు?" అన్నది.

చెప్పొచ్చు. జేబులు, బూట్లు,
మోకాళ్ల మీద రెండొందల గజాలు,
ఎవ్వరు ఎవ్వరిని దొంగ అనలేదని.
నోరు ఎండిపోయి ఉండె.
నీళ్ల సీసా ఇచ్చిన. తాగింది.

బస్సొచ్చింది.
సనయ్యకు మెట్రో లేదు.
కడ్డీ పట్టుకున్నంక చూస్కున్న:
ముంజేతి మీద ఒక లెక్క మొత్తమే పోయింది,
ఇంకోదాంట్ల ఒకటి చెరిగి
నాలుగు మాత్రం మిగిలింది.