ఖాళీ తూకం

చండూరు రోడ్డు మీద జిన్నింగు మిల్లు.
పత్తి లారీ కాంటా ఎక్కుతది.
అద్దం డబ్బాల ఎర్ర అంకెలు కాసేపు వణికి నిలబడ్తయి.
నిండు తూకం రాస్త.
సరుకు దించి వచ్చినంక ఖాళీ తూకం రాస్త.
తీసేస్తే మిగిలిందే పత్తి.
ఒమన్ దేశంల, సోహార్ల, తొమ్మిదేండ్లు ఇదే పని చేసిన.
ఆడ పత్తి గాదు, కంకర.

చీటీ కోసం నిలబడ్డ డ్రైవర్లు, హమాలీలు,
ఆఖరికి మేస్త్రీ ఇద్దయ్య గూడ
ఒక్కటే అడుగుతరు:
"నిజం జెప్పు, ఆడ మంచిగుంటదా, ఈడనా?"

ఆడ నల్లా తిప్పితే సముద్రం తియ్యగ వస్తది,
ఉప్పునంత ఎవరో రాత్రి కూసోని ఏరేసినట్టు.
ఈడ మా మేనత్త సైదమ్మ
బోరు నీళ్లు తాగి తాగి నడుము వంగి
నేల మీద పడ్డ సూది దేవులాడుతున్నట్టే నడిచేది.
ఇప్పుడు ఆమె ఇంటి ముంగట నల్లా ఉన్నది,
కృష్ణ నీళ్లొస్తయి.
వంగిన నడుము నల్లాతోని లేస్తదా.

"అయితే ఆడిదే బరువు" అంటడు ఇద్దయ్య.
ఆగు, ఎనుక ఇంకో బండి ఉన్నది.

ఆడ ఎండకాలం పన్నెండున్నర నుంచి మూడున్నర దాక
బయట పని చేయిస్తే జుర్మానా.
నీడ కాయితం మీద ఉంటది,
సర్కారు మోహరు గుద్ది.
ఈడ అసొంటి కాయితం లేదు.
ఏప్రిల్ల ఆఖరి పత్తి వస్తుంటది,
రేకుల షెడ్డు పెనం లెక్క కాలుతుంటది,
యాదమ్మ చిందిన దూది ఊడుస్తనే ఉంటది.
ఒకనాడు చీపురు గోడకు ఆనిచ్చి
"పానం బాగలేదు, పోతున్న" అన్నది, పోయింది.
ఎవర్నీ అడగలే.
కూలి కోసిన్రు.
తెల్లారి వచ్చి అదే చీపురు పట్టింది.

నాకు ఆడ జరమొస్తే
ఏడు నిమిషాలల్ల అంబులెన్సు వచ్చింది.
లోపట ఏసీ, తెల్లటి దుప్పటి.
పేరేందని నర్సు అడిగితే
నా నోట్లకెళ్లి కంపెనీ నంబరొచ్చింది.

ఆడ పాస్‌పోర్టు కంపెనీ బీరువాల ఉండె.
ఈడ పట్టా పాసుబుక్కు ఎరువుల సేటు సొరుగుల ఉన్నది.
రెండింటి మీదా ఫోటో ఒక్కటే,
చండూరు స్టూడియోల ఒక్కనాడు దిగింది,
బాకీ తెచ్చిన అంగీతోని.

నా పక్క మంచం రఫీకుల్‌ది, బంగ్లాదేశ్.
ఉల్లిగడ్డ మీ తాన ఎంత,
దవఖానల గోలీలు ఇస్తరా,
కరెంటు ఎన్ని గంటలు పోతది,
దీపం తీసేసినంక ఇద్దరం పోటీ పెట్టుకునేటోళ్లం.
"మా ఊర్ల కరెంటే పోదు" అన్న నేను.
"మా ఊర్లనైతే గోలీలతోని పాలు గూడ ఇస్తరు" అన్నడు వాడు.
రెండూ అబద్ధాలే.
ఆ మాటలతోనే మంచి నిద్ర పట్టేది.

మొన్న రాత్రి మిల్లు బంద్ అయినంక
నేనే కాంటా ఎక్కిన.
లారీలను మోసే ఇనుప పలక,
చెప్పుల కింద సల్లగ ఉండె.
అరవై అని చూపెట్టింది.
నేను అరవై మూడు కిలోలు,
చండూరు దవఖానల పొద్దుగాలనే చూసుకున్న.
మా కాంటా పదులల్లనే లెక్క పెడ్తది.
దాని లెక్కల ఆ మూడు కిలోలు లేనే లేవు.

అన్నం తిన్న పూట తినని పూట,
యాదమ్మ గోడకు ఆనిచ్చిన చీపురు,
నర్సుకు చెప్పలేకపోయిన పేరు,
గివన్నీ ఆ మూడు కిలోలల్లనే ఉండొచ్చు.
ఇంకోటి గూడ యాదికొచ్చింది:
విమానం ఎక్కకముందు నా ఖాళీ తూకం
ఎవరూ రాసిపెట్టలే.

తెల్లారి ఇద్దయ్య బీడీ ముట్టించి మళ్ల అడిగిండు.
చీటీ చింపి చేతుల పెట్టిన.
ఎనుక బండి హారన్ కొడ్తున్నది,
"జరుగు" అన్న.